రోల్ కేజ్: షెడ్డులో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

మా షెడ్డు తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద. గేట్లు, గ్రిల్సు, లారీ బాడీలే మాకు కూడు పెట్టేవి. రోల్ కేజ్ అంటే, బండి తిరగబడినా లోపలి మనిషి నలగకుండా కారు లోపల బిగించే ఇనుప పైపుల చట్రం. ఆ పని ఏడాదికి రెండో మూడో. అవీ శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి బండి తీసుకెళ్లే కుర్రాళ్లవి. ఊరికే అడిగిపోయేవాళ్లు మాత్రం చాలామంది.

అపోహ: "అన్నా, ఘాట్ రోడ్డులో తిరిగే బండి. కేజ్ ఉంటే సేఫ్ కదా?"

కాదు. రేసులో మనిషికి హెల్మెట్ ఉంటుంది, బకెట్ సీట్లో ఐదారు పట్టీల బెల్టుతో బిగించి కూర్చోబెడతారు. పిల్లాజెల్లాతో కొండకెళ్లే కారులో అవేవీ ఉండవు. గుద్దుకున్నప్పుడు తల ఊగి ఆ ఇనుప పైపుకే తగులుతుంది. పక్క కిటికీల మీద తెరలా విచ్చుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే దానికీ పైపు అడ్డమే. పైగా కంపెనీ ఇచ్చిన బండిని ఇలా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. రోడ్డు బండికి నేను చెయ్యను. బేరం పోతే పోనీ.

అపోహ: జీఐ పైపు (జింకు పూత వేసిన నీళ్ల పైపు) చాలు, మందంగా ఉంటే సరి.

ప్రపంచ మోటారు రేసులకి నియమాలు పెట్టే ఎఫ్‌ఐఏ లెక్కలో, సీటు వెనక విల్లులా వంగి నిలబడే పెద్ద పైపుకి, అంటే మెయిన్ హూప్‌కి, అతుకు లేని కార్బన్ స్టీల్ పైపు కావాలి. 45 మి.మీ. వ్యాసానికి 2.5 మి.మీ. మందం, లేదా 50కి 2. నీళ్ల పైపు ఆ పనికి పుట్టింది కాదు. దాని మీది జింకు పూత కాలితే తెల్లటి పొగ వస్తుంది. పని నేర్చుకునే రోజుల్లో మూసిన షెడ్డులో ఒక పూట పీల్చి, రాత్రంతా చలిజ్వరంతో వణికాను. పాలు తాగితే విరుగుడు అన్నారు. తాగాను, జ్వరం జ్వరమే.

అపోహ: బీడ్ (వెల్డింగ్ చేసిన గీత) అందంగా ఉంటే పని బాగున్నట్టే.

చాలామంది కంటికి కనిపించే బీడ్‌ని తడిమి చూసి మెచ్చుకుంటారు. నేను మొబైల్ కెమెరా ఆన్ చేసి పైకప్పుకీ పైపుకీ మధ్య సందులో పెడతాను. అక్కడ రెండు వేళ్లు కూడా దూరవు, వెల్డింగ్ టార్చ్ ఎలా దూరుతుంది? ముప్పావు వంతు వెల్డ్ చేసి, మిగిలింది పుట్టీతో మూసి రంగు కొట్టిన కేజ్ ఒకటి నా దగ్గరికే వచ్చింది. జాయింటు చుట్టూరా వెల్డ్ పడాల్సిందే. అందుకని ముందుగా కేజ్ కాళ్ల దగ్గర కారు ఫ్లోర్ కోసి కేజ్‌ని కిందికి దింపుతాం. పై జాయింట్లు పూర్తి చేసి, మళ్లీ ఎత్తి, కాళ్ల కింద ప్లేట్లు పెడతాం. టిగ్ వెల్డింగ్ అయినా సీఓటూ వెల్డింగ్ అయినా చేయి కుదరాలి, పైపు చివర సందు లేకుండా కూర్చోవాలి. నున్నగా కనపడాలని బీడ్‌ని గ్రైండర్‌తో అరగదీయమంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. అరిగేది బలమే.

ఆ ప్లేట్ల సంగతి కూడా వినండి. కారు ఫ్లోర్ రేకు మిల్లీమీటరు అటూ ఇటూ. నేరుగా దాని మీద కాలు నిలబెడితే, బండి తిరగబడినప్పుడు పైపు రేకుని చీల్చుకుని దిగిపోతుంది. మెయిన్ హూప్ కాలు కింద కనీసం 3 మి.మీ. మందంతో 120 చదరపు సెం.మీ. ప్లేటు ఉండాలి.

అపోహ: రెండు రోజుల పనే.

సీట్లు, కార్పెట్, వైరింగ్, బ్యాటరీ తీయడానికే ఒక రోజు. మొన్నొచ్చిన కుర్రాడు అవన్నీ ఇంట్లోనే విప్పి, స్క్రూలు పెరుగు డబ్బాలో పోసుకుని తెచ్చాడు. అతని బండి ఒక రోజు ముందే వెళ్లింది.