కంప్రెసర్‌లో బండి ఆయిల్ పోయొచ్చా?

"బైకుకి పోయగా 20డబ్ల్యూ-40 ఆయిల్ అర లీటరు మిగిలింది. షాపులో గాలి కంప్రెసర్‌కి పోసేస్తే పోలా? రెండూ ఆయిలే కదా!" అని ఓ పాఠకుడి ప్రశ్న. పోస్తే కంప్రెసర్ వెంటనే ఆగిపోదు. ఈ అలవాటు పోకపోవడానికి కారణం అదే.

ఆయిల్‌ని రెండు వేళ్ల మధ్య నలిపి, జిడ్డు చూసి తీర్పు చెప్పేస్తుంటారు. జిడ్డు సంగతి డబ్బా మీదే ఉంటుంది. కంప్రెసర్ ఆయిల్ డబ్బా మీద చిక్కదనాన్ని చెప్పే గుర్తు ఐఎస్ఓ వీజీ 100 అంటే 40 డిగ్రీల దగ్గర దాదాపు 100 సెంటీస్టోక్సుల చిక్కదనం. ఇంజన్ ఆయిల్ గ్రేడు ఎస్ఏఈ 30 కూడా ఇంచుమించు అంతే. అసలు పేచీ నీళ్లతో.

విశాఖలో ఉక్కపోత రోజు, 30 డిగ్రీల దగ్గర, ఘనమీటరు గాలిలో 24 గ్రాముల ఆవిరి ఉందనుకోండి. ఆ గాలిని తొమ్మిదో వంతుకి నొక్కి మళ్లీ చల్లారనిస్తే మూడున్నర గ్రాములకు మించి పట్టదు. మిగతాది నీరై దిగాల్సిందే. ట్యాంకు అడుగున కాక్ తిప్పితే బుస్సుమంటూ వచ్చే తుప్పు నీళ్లు అవే. కొంత ఆవిరి పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. రెండు నిమిషాలు తిరిగి ఆగిపోయే మిషన్లో ఆయిల్ ఆ నీరు ఆవిరయ్యేంత వేడెక్కదు.

ఇంజన్ ఆయిల్లో సబ్బు లాంటి డిటర్జెంట్లుంటాయి. మసినీ తేమనీ అడుక్కి దిగనివ్వకుండా తమలోనే తేలుస్తూ తిప్పుతాయి. బండిలో అది మంచిదే: వేడికి తేమ పోతుంది, మసిని ఫిల్టరు పట్టుకుంటుంది. చిన్న కంప్రెసర్లలో చాలావాటికి ఆయిల్ ఫిల్టరే ఉండదు! అక్కడ కావలసింది చిల్లగింజ గుణం. వరద గోదావరి నీళ్లలో ఆ గింజ అరగదీసి కలిపితే మట్టి అడుక్కి దిగి, పైన తేట నీరు నిలుస్తుంది చూడండి, మంచి కంప్రెసర్ ఆయిల్ కూడా నీటిని అలాగే విడదీసి కిందికి దింపేస్తుంది. సబ్బు కలిసిన బిందెలో చిల్లగింజ ఎంత అరగదీసినా ఏం లాభం?

ఇక వేడి. 35 డిగ్రీల గాలిని ఒక్క దెబ్బలో 8 బార్ పీడనానికి (అంటే ఆ తొమ్మిదో వంతుకే) నొక్కితే, వేడి బయటికి పోకపోతే, లెక్క ప్రకారం 300 డిగ్రీలు! రెండు దశల్లో, మధ్యలో చల్లారుస్తూ నొక్కితే ఒక్కో దశలో 150 లోపే. ఆ వేడికి వాల్వు ప్లేటు మీద ఆయిల్ మాడుతుంది. డిటర్జెంట్లలోని లోహాలు బూడిదై అక్కడే పేరుకుంటాయి. వాల్వు సరిగ్గా మూయదు, వేడి గాలి వెనక్కొస్తుంది, దాన్నే మళ్లీ నొక్కడంతో వేడి ఇంకా పెరుగుతుంది. జర్మన్ ప్రమాణం డిఐఎన్ 51506లో వీడీఎల్ (VDL) తరగతి కంప్రెసర్ ఆయిల్ 220 డిగ్రీల దాకా పనికొస్తుంది. డబ్బా మీద ఆ మూడక్షరాలు వెతకండి.

ఆయుధ పూజ నాడు కంప్రెసర్‌కి బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, ఏడాదికోసారి ఆయిల్ మార్చేవాళ్లని చూశాను. ఈలోగా ఆయిల్ మట్టం చూసే గాజు కంట్లో ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే మాత్రం దసరా కోసం ఆగకండి.