శంఖపుష్పం ఏం చేస్తుంది?

శ్రీకాకుళం

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్నవాడు అడిగాడు: "తాతయ్యా, శంఖపుష్పాల్లో యాంటీఆక్సిడెంట్లు ఉంటాయట, అవి ఏం చేస్తాయి?" ఫోనులో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

పెళ్ళి బంతి తలచుకోండి. ఒకడికి విస్తరి రాలేదు. వాడు పక్కవాడిది లాక్కున్నాడు. ఆ పక్కవాడు ఊరుకుంటాడా? తన పక్కవాడిది లాగాడు. చూస్తుండగానే పేచీ బంతి చివరిదాకా పాకింది. అన్నం ఒలికింది, పప్పు నేలపాలైంది. మన ఒంట్లో ఫ్రీ రాడికల్స్ అనే అణువులు ఇలాగే చేస్తాయి. జంట లేని ఎలక్ట్రాన్‌తో పుట్టి, కణాల పొరల్లోని కొవ్వు నుంచి, డీఎన్‌ఏ నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటాయి. అప్పుడు చంకలో విస్తళ్ళ కట్టతో ఒక పెద్దమ్మ వచ్చి, "ఇదిగో నాయనా" అని ఒకటి తీసి ఇచ్చిందనుకోండి. ఒకటి తగ్గినా ఆవిడ ఎవరిమీదా పడదు. గొడవ అక్కడితో ఆగుతుంది. ఆ పెద్దమ్మే యాంటీఆక్సిడెంట్.

మా చిన్నప్పుడు విస్తళ్ళంటే అడ్డాకులవే. సీతంపేట కొండల నుంచి ఆకు వచ్చేది. నాయనమ్మ వసారాలో కూర్చుని కుడుతుంటే నేను పుల్లలు అందించేవాడిని. వేడి అన్నం పడగానే ఆ ఆకు నుంచి కమ్మని వాసన లేచేది. పక్కవాడికి వడ్డించారో లేదో చూశాకే అన్నం కలపాలని ఆమె చెప్పేది. మీరూ అలాగే చెయ్యండి.

శంఖపుష్పానికి నీలం ఇచ్చేవి ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు. వాటిలో ముఖ్యమైనవి టెర్నాటిన్లు. తోడుగా క్వెర్సెటిన్, కెంప్‌ఫెరాల్, మిరిసెటిన్ అనే మొక్కల పదార్థాల చక్కెర అంటిన రూపాలుంటాయి. ఈ అణువుల్లో పరమాణువులు కట్టుకున్న వలయాలకు అంటుకున్న ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలే పెద్దమ్మ కట్టలోని విస్తళ్ళు. ఒక ఎలక్ట్రాన్ పోయినా ఆ లోటును వలయమంతా పంచుకుంటుంది కనుక అణువు నిలకడగా ఉంటుంది. తెల్ల శంఖపుష్పంలో టెర్నాటిన్లు ఉండవు.

అయితే ప్రయోగశాల గాజు గొట్టంలో పనిచేసినంత మాత్రాన ఒంట్లోనూ అంతే పనిచేస్తుందనుకోకండి. తిన్నదాంట్లో చాలా భాగం పేగుల్లోనే రూపు మారిపోతుంది. పూల కషాయంతో రోగాలు పోతాయని ఎవరన్నా నమ్మకండి, డాక్టరును అడగండి.

ఇక రంగు సంగతి నేను చెప్పను, మీరే చూడండి. పొద్దున్నే ఐదారు పూలు కోయండి. పెద్ద రేకు మధ్యలో లేత పసుపు మచ్చ కనిపిస్తుంది, దాన్ని దగ్గరగా చూడండి. అమ్మ పక్కనుండగా పూలను వేడినీళ్ళలో వేసి, నీళ్ళు నీలమయ్యాక మూడు గాజు గ్లాసుల్లో పోయండి. ఒకదాన్ని అలాగే ఉంచండి. రెండోదాంట్లో నిమ్మరసం, మూడోదాంట్లో చిటికెడు వంటసోడా వేయండి. తెల్ల పూలు దొరికితే వాటితోనూ చేసి చూడండి. ఏ గ్లాసు ఏ రంగుకు తిరిగిందో నాకు రాయండి.

మీ తాతయ్య