నీడలో ఫెర్న్‌లకు మట్టి: అపోహలు - వాస్తవాలు

"ఫెర్న్‌కు తేమ కావాలి కదా, నీళ్లు పట్టి ఉంచే బరువైన మట్టి వేయండి." తోటలు వేసే పనిలో ఈ మాట వినని వారం ఉండదు. హైదరాబాద్‌లో ఫెర్న్‌లకు, అంటే పూలు పూయని, ఆకుల అందానికి పెంచే ఈ మొక్కలకు, పెట్టిన డబ్బు మట్టిపాలయ్యేది ఎక్కువగా దీనివల్లే.

అడవిలో ఫెర్న్ కుళ్లిన ఆకుల పొరలో, రాళ్ల సందుల్లో పెరుగుతుంది. వేర్లు సన్నవి, లోతుకు పోవు. అక్కడ తేమ ఎంత ఉంటుందో గాలీ అంతే ఆడుతుంది. మన ప్రహరీ పక్కన ఉండేదేమో అడుగున మొరం, పైన ట్రాక్టర్‌తో తోలించిన ఎర్రమట్టి. నాలుగు వానలకు అది గట్టిపడిపోతుంది. నల్లరేగడి ఇంకా కష్టం. నీడలో తడి త్వరగా ఆరదు, వేర్లకు ఊపిరాడదు, కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు, ఆకు వడలిపోతుంది. దాహమేమో అనుకుని ఇంకో బకెట్ పోస్తారు. అంతే, మొక్క పోయినట్టే.

తార్నాకలో ఒక పెద్దావిడ ఉత్తరం గోడ వెంట బోస్టన్ ఫెర్న్‌లు పెట్టుకున్నారు. "పొద్దున, సాయంత్రం పోస్తూనే ఉన్నా బాబూ, నా హస్తవాసి మంచిది కాదేమో" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఒక మొక్క పీకి చూస్తే వేర్లు నల్లగా ఉన్నాయి. వేళ్ల మధ్య పట్టి లాగితే పైతోలు జారిపోయి దారంలాంటి నార మిగిలింది. మురుగు వాసన. జానెడు లోతులో ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెచ్చులు. సిమెంటు, సున్నం మట్టిని క్షారం చేస్తాయి. ఈ ఫెర్న్‌కు కొంచెం పులుపు నేల, అంటే పీహెచ్ (నేల పులుపు, క్షారాల కొలత; 7 కంటే తక్కువైతే పులుపు) 5.5 - 6.5 నప్పుతుంది. "మీ హస్తవాసికేం అమ్మా, పెచ్చులన్నీ ఏరేసి మట్టి మారుద్దాం" అన్నాను.

ముందు అడుగు లోతు గుంట తీసి నిండా నీళ్లు పోయండి. ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి నీళ్లు పూటంతా నిలిచిపోతే అక్కడ గుంటలో నాటొద్దు, ఎత్తు మడి కట్టండి. నేను కలిపేది ఇది: బాగా మాగిన ఆకు ఎరువు రెండు పాళ్లు, ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), దొడ్డు ఇసుక ఒక్కో పాలు. కోకోపీట్‌లో ఉప్పు ఉండొచ్చు, నానబెట్టి రెండు మూడు నీళ్లలో కడిగి పిండండి. కలిపిన మట్టి తడిపి గుప్పిట్లో పిసికితే ముద్ద కావాలి, వేలితో తడితే విడిపోవాలి. నాటేటప్పుడు మొదలు పూడ్చొద్దు, కొత్త చిగుళ్లు వచ్చే చోటు పైకి కనపడాలి.

పచ్చి పేడ బలమంటారు. వేర్లు మాడతాయి, వద్దు. చెట్టు కింద నీడ చాలంటారు. పెద్ద చెట్టు వేర్లు తేమంతా లాగేస్తాయి, మొదలుకు దూరంగా నాటండి. బోరు నీళ్లతో మట్టి మీద తెల్ల పొర కడితే అది ఉప్పు, వాన నీళ్లు పట్టి పోయండి.

ఆకు వెనక గోధుమ చుక్కలు చూసి పురుగని మందు కొట్టేవాళ్లకు ఒక మాట: ఒకే తీరుగా, వరుసగా ఉంటే అవి ఫెర్న్ సిద్ధబీజాల (విత్తనాల బదులు ఉండే పొడిలాంటి బీజాల) గుత్తులు. మందు డబ్బా పక్కన పెట్టండి. అడ్డదిడ్డంగా, కాడల మీద కూడా ఉండి, గోటితో గీకితే పెచ్చులా ఊడితేనే పొలుసు పురుగు.