స్ట్రింగ్ పొడవు మనమే లెక్కపెడితే

చిరంజీవులకు ఆశీస్సులు.

సీ లాంగ్వేజ్‌లో ఎస్‌టిఆర్‌లెన్ అనే, పొడవు చెప్పే ఫంక్షన్ ఉండగా, స్ట్రింగ్ (అంటే అక్షరాల వరస) పొడవు సొంతంగా లెక్కపెట్టమనడం దేనికని విసుక్కున్నారు. ఆ ఫంక్షన్ చేసేదీ లెక్కపెట్టడమేనర్రా!

సీలో స్ట్రింగ్ తన పొడవును ఎక్కడా రాసి పెట్టుకోదు. అక్షరాలు మెమరీలో వరసగా ఉంటాయి, చివర సున్నా విలువ ఉన్న బైట్ ఒకటి. దాన్నే నల్ క్యారెక్టర్ అంటాం. ఇంగ్లీషులో ‘రవి’ అని రాస్తే ఆర్, ఏ, వి, ఐ అక్షరాలు 0, 1, 2, 3 స్థానాల్లో కూర్చుంటాయి. నల్ 4లో ఉంటుంది. ఇప్పుడు లూప్ రాయండి: ఐ అనే వేరియబుల్‌ని (పైన చెప్పిన అక్షరం కాదు, స్థానం నంబరు) 0తో మొదలుపెట్టి, నల్ తగిలేదాకా ఒక్కొక్కటే పెంచుకుంటూ పోండి. ఆగిన చోట ఆ వేరియబుల్ విలువే పొడవు. నల్‌ని లెక్కలో కలపకూడదు, కానీ చోటు మాత్రం దానికీ కావాలి. కాపీ చేసేటప్పుడు 5 బైట్లు తీసుకోండి.

పిల్లలు తరచూ తడబడేది ఇక్కడే: నల్ వేరు, సున్నా అంకె వేరు. అక్షరాలకు నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో ఆ అంకె కోడ్ 48. పొరపాటున దానితో పోల్చారో, స్ట్రింగ్‌లో ఆ అంకె లేకపోతే లూప్ నల్‌ని దాటేసి పక్క మెమరీలోకి పోతుంది. ఒక్కోసారి ప్రోగ్రామ్ ఆగిపోకుండా ఏదో ఒక తప్పు జవాబు చూపిస్తుంది కూడా, అదే అసలు టెన్షన్. ఇంకోటి, లైన్ చదివే ఎఫ్‌గెట్స్ ఫంక్షన్‌తో చదివితే ఎంటర్ నొక్కిన న్యూలైన్ కూడా లోపలికి వస్తుంది. అప్పుడు ‘రవి’ పొడవు 5.

ఈ నడక తెలిశాక, ఫర్ లూప్ కండిషన్‌లో ఎస్‌టిఆర్‌లెన్ పెట్టడానికి చెయ్యి రాదు. ప్రతి చుట్టులోనూ అది మొదటి నుంచి లెక్కపెడుతుంది కదా, కంపైలర్ (మన కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చేది) సర్దకపోతే 10,000 అక్షరాలకు దాదాపు 10 కోట్ల అడుగులు!

ఇప్పుడు తెలుగులో ‘అక్క’ అని ఇచ్చి చూడండి. కంటికి రెండే అక్షరాలు. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో అ, క, పొల్లు, క అని 4 కోడ్ పాయింట్లు, అంటే 4 నంబర్లు. ఆ నంబర్లను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి 3 బైట్లు కాబట్టి మీ లూప్ 12 అంటుంది. పైథాన్ లాంగ్వేజ్ మాత్రం 4 అంటుంది. మీకూ 4 కావాలంటే 128 నుంచి 191 దాకా విలువున్న బైట్లను (ఒక్కో కోడ్ పాయింట్‌లో మొదటిది కాక మిగిలినవి) లెక్కపెట్టకుండా వదిలేయండి. ఒక్క ఇఫ్ చాలు. కాకపోతే బైట్‌ని అన్‌సైన్డ్ క్యార్‌గా (నెగటివ్ విలువలు లేని రకంగా) తీసుకోండి, లేదంటే చాలా కంపైలర్లలో ఆ విలువలు నెగటివ్‌గా మారి, ఇఫ్ ఉన్నా మళ్ళీ 12 వస్తుంది.

మీ తాతయ్య