చూడకుండా రెండు రూపాయల బిళ్ల తీయగలరా?

జేబులో చెయ్యి పెట్టి, చూడకుండా, రెండు రూపాయల బిళ్ల ఒకటి తీయండి. రూపాయి చేతికొచ్చినా ఆశ్చర్యం లేదు.

మా తాతయ్యకు చూపు బాగా తగ్గిపోయాక చిల్లరంతా వేళ్లతో తడిమే లెక్కపెట్టుకునేవారు. పదకొండు పలకల రెండు రూపాయల బిళ్ల నడిచినన్నాళ్లూ ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు. 1990ల్లో వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒకవైపు దేశపటం, అందులో జెండా. అంచు మీద బొటనవేలు తిప్పితే మూలలు తగిలేవి, అంతే. (ఇంట్లో ఎక్కడైనా ఉంటే తీసి చూడండి, సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ టంకశాలలో తయారైనది.)

నాణేలకు ఇలా రకరకాల ఆకారాలు ఇవ్వడం మనకు పాత అలవాటే. అణాకి వంపుల అంచు, రెండణాల బేడకి నాలుగు పలకలు, రెండో ప్రపంచయుద్ధంలో లోహం కరువై నడిమధ్య బెజ్జం పెట్టిన చిల్లుకానీ. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక కూడా ఆ తెలివి పోలేదు. ఐదు పైసలు నలుచదరం, రెండుకీ పదికీ పువ్వు రేకుల్లాంటి అంచు, కానీ ఒకటి 18 మి.మీ., ఇంకోటి 23 మి.మీ., కాబట్టి పొరబడే పనే లేదు. 1964లో వచ్చిన మూడు పైసలకు ఆరు పలకలు.

ఆ తర్వాత పైసలకు విలువ పోయింది, నికెల్ కలిపిన రాగి ఖరీదైపోయింది, 1992 నుంచి రూపాయి స్టీలుకు మారింది. అయస్కాంతం పెట్టి చూడండి, స్టీలు రూపాయి అతుక్కుంటుంది, 1980ల నాటిది అతుక్కోదు. అసలు చిక్కు 2005-06 ప్రాంతంలో రెండు రూపాయలు కూడా స్టీలై గుండ్రంగా వచ్చినప్పుడు మొదలైంది. రూపాయి 25 మి.మీ., ఇది 26.75. చూపులేనివాళ్లు ఫిర్యాదు చేశారు, చేయరా మరి? 2007లో రూపాయి మీద బొటనవేలు, రెండు రూపాయల మీద రెండు వేళ్లు ముద్రించారు, చదువురానివాళ్లకు అది నిజంగా మేలే, కానీ అంత పల్చటి బొమ్మ వేలికి అందడం కష్టం.

2011లో ఇంకో తిరకాసు. కొత్త రెండు రూపాయలు 25 మి.మీ., 4.85 గ్రాములు. పాత స్టీలు రూపాయి కొలతలు సరిగ్గా అవే! కొత్త వరసను విడిగా పెట్టి చూస్తే చిన్నదాని పక్కన పెద్దది, చక్కగానే ఉంటుంది, కానీ మన జేబులో పాతా కొత్తా కలిసే తిరుగుతాయి కదా. 2019 మార్చిలో విడుదలైన వరసనైతే చూపులేనివాళ్ల కోసమే ఆలోచించి చేశారు, రూపాయి 20 మి.మీ., రెండు 23, ఐదు 25, విలువతోపాటు బరువూ పెరుగుతుంది. అందులోనూ కొత్త రెండు రూపాయల వెడల్పు పాత ఐదు రూపాయలంతే, కొత్త ఐదు 2011 నాటి రెండంత. రంగు వేరే అనుకోండి, కానీ రంగు వేలికి తెలియదు.

అదే వరసలో ఇరవై రూపాయల బిళ్లను చూడండి. పదికీ దానికీ వెడల్పు ఒకటే, 27 మి.మీ., అయినా తడబాటు రాదు, ఎందుకంటే దానికి పన్నెండు పలకలు. రెండు రూపాయలకు కూడా ఆ పదకొండు పలకలు తిరిగి ఇచ్చేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.