మూన తిరిగేదాకా

చిట్టితల్లికీ, విశాఖ హాస్టల్లో తోడున్న మన పిల్లలందరికీ,

"తాతయ్యా, శనివారం ల్యాబ్ వేశారు. ఇక్కడ మూడేళ్లు చదివాక నాకు సబ్బాతు మిగులుతుందా?" అని అడిగావు. శుక్రవారం పొద్దుగూకిన దగ్గర్నుంచి శనివారం పొద్దుగూకేదాకా మనం పనులు మానే విశ్రాంతి దినం గురించే కదా నీ బెంగ. జూలై కదా, నరసాపురం చుట్టూ ఊడ్పులు. నీ ఉత్తరం గట్టు మీదే చదువుకున్నాను.

నారుమడిలో మొక్కలు ఒత్తుగా, ఒకదాన్నొకటి ఆనుకుని పెరుగుతాయి. మన మిషన్ బడిలో నువ్వూ అంతే. శనివారం సెలవు ఎవర్నీ అడగక్కర్లేదు. 25 రోజులకు ఆ నారు పీకి, వేళ్ల మట్టి కడిగి, దమ్ము చేసిన చేలో నాటుతారు. వారం రోజులు పసుపెక్కి వాలిపోతుంది. చిన్నప్పుడు అది చూసి, పైరు చచ్చిపోయిందని ఒక కుదురు పీకేశాను. అడుగున తెల్లగా దారప్పోగుల్లా కొత్త వేళ్లు! నాన్న నా చెవి మెలేసి, "మూన తిరిగేదాకా చెయ్యి పెట్టకురా" అన్నాడు. వేరు పట్టి మళ్లీ పచ్చబడేదాకా అని. నువ్వూ నీ నమ్మకాన్ని రోజూ పీకి చూసుకోకు.

కుదురుకు ఒక్క మొక్క వేయం, రెండో మూడో కలిపి వేస్తాం. శుక్రవారం సాయంత్రం కలిసి పాడుకోవడానికి ఇద్దర్ని వెతుక్కో. మరీ లోతుగా నాటినా పిలకలు సరిగా రావు. గదిలో తలుపేసుకుని కూర్చోవద్దని దీనికి అర్థం చెప్పుకోవచ్చేమో. పోలిక మరీ సాగదీశాను.

ఇక ల్యాబ్. బైబిల్లో చూడు, బబులోనులో దానియేలుదీ మూడేళ్ల చదువే. కల్దీయుల భాష, విద్య అన్నీ నేర్చుకున్నాడు, తన నమ్మకానికి సరిపడదని రాజుగారి భోజనం దగ్గరే ఆగాడు. అదీ పోట్లాడి కాదు, "పది రోజులు మమ్మల్ని చూడండి" అని బతిమాలుకుని. నేను డిగ్రీలో ఆ పని చేయలేదు. శనివారం పరీక్షని నెల ముందే తెలుసు. టెన్షన్‌తో నాన్చి నాన్చి శుక్రవారం మధ్యాహ్నం వెళ్లి అడిగితే లెక్చరరు కసిరారు. ఏడాది పోయింది. సగం తప్పు నాదే. నువ్వు ఈ వారమే వెళ్లు. పాస్టరు గారి ఉత్తరం చూపించి, ఆదివారం వచ్చి చేస్తానని నువ్వే చెప్పు. కాదంటే ఏం చేయాలో గట్టు మీద కూర్చుని నేను చెప్పలేను తల్లీ.

ఈ శుక్రవారం మేడెక్కు. సముద్రం వైపు కాదు, విశాఖలో సూర్యుడు కొండల వైపు దిగుతాడు. ఇప్పుడు 6.30 దాటాక, డిసెంబరులో 5.30 ప్రాంతంలోనే. నువ్వు మాకు తూర్పున ఉన్నావు కాబట్టి సబ్బాతు మాకంటే కొన్ని నిమిషాలు ముందే నీ దగ్గరికొస్తుంది. ఎన్ని గంటలకొచ్చిందో రాసి పంపు. ఇక్కడ నేనూ చూసి రాసి పెడతాను.

మీ తాతయ్య