అపోహలు - వాస్తవాలు: బయోస్‌లో ఒక్క సెట్టింగ్ మారిస్తే ఎస్‌ఎస్‌డీ స్పీడ్ పెరుగుతుందా?

లాప్‌టాప్ రిపేర్ పనిలో ఈ మధ్య తరచుగా వినే మాట ఇది: "అన్నా, ఎస్‌ఎస్‌డీ డబ్బా మీద సెకనుకు 3,500 ఎంబీ అని రాశారు, టెస్టులో 1,700 దగ్గరే ఆగిపోతోంది. బయోస్‌లో ఏదో మార్చాలట కదా, మార్చేయ్." బయోస్ అంటే విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగుల ప్రోగ్రామ్. ఆ 'ఏదో' స్టోరేజ్ కంట్రోలర్ మోడ్, అంటే లాప్‌టాప్ డిస్క్‌తో ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పే సెట్టింగ్. మార్చడం రెండు నిమిషాల పని. మార్చాక విండోస్ లేవకపోతే మాత్రం ఆ రోజు గడిచిపోయినట్టే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గత పదేళ్లలో వచ్చిన లాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ సెట్టింగ్ స్పీడుకు అడ్డు కాదు. అడ్డు ఇంకెక్కడో ఉంటుంది.

అపోహ: రెయిడ్ మోడ్ నెమ్మది, ఏహెచ్‌సీఐకి మారిస్తే వేగం

రెయిడ్, ఏహెచ్‌సీఐ, పాత ఐడీఈ, ఇవన్నీ ఆ మోడ్‌ల పేర్లే. ఈ సలహా ఒకప్పుడు నిజమే, కానీ వేరే సందర్భంలో. విండోస్ ఎక్స్‌పీ సీడీలో ఏహెచ్‌సీఐ డ్రైవర్ ఉండేది కాదు. అందుకని అప్పటి లాప్‌టాప్‌లను ఐడీఈ మోడ్‌లో పెట్టి ఎక్స్‌పీ ఎక్కించేవారు. ఐడీఈ మోడ్‌లో డిస్క్‌కు ఒకసారి ఒకే ఆదేశం వెళ్తుంది. ఏహెచ్‌సీఐలో ఒకేసారి 32 ఆదేశాల వరకు వరసలో పెట్టొచ్చు. ఎస్‌ఎస్‌డీలో చాలా ఫ్లాష్ చిప్‌లు పక్కపక్కనే పనిచేస్తాయి కాబట్టి ఒక్కో ఆదేశమే ఇస్తే సగానికి సగం ఖాళీగా కూర్చుంటాయి. కాబట్టి ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మారిస్తే తేడా కనిపించేది.

ఇప్పుడు ఐడీఈ అనే ఆప్షనే లేదు. మీ బయోస్‌లో కనిపించే రెయిడ్, లేదా ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ, లేదా 11వ తరం ప్రాసెసర్ల నుంచి వస్తున్న వీఎండీ, ఇవి వేరే సంగతి. లోపల ఒకే డ్రైవ్ ఉంటే అక్కడ రెయిడ్ (కొన్ని డ్రైవ్‌లను కలిపి ఒకటిగా నడపడం) ఏమీ జరగదు, ఇంటెల్ డ్రైవర్ మధ్యలో ఉంటుంది, అంతే. ఆదేశాల వరస ఉంటుంది, ట్రిమ్ (చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అని డ్రైవ్‌కు చెప్పే ఆదేశం) కూడా డ్రైవ్ దాకా వెళ్తుంది. టెస్టులో కొన్ని అంకెలు అటూ ఇటూ అవుతాయేమో గానీ, వాడేటప్పుడు మీకు తెలిసే తేడా ఉండదు.

అపోహ: ఎన్‌వీఎంఈ డ్రైవ్ వేసినా బయోస్‌లో ఏహెచ్‌సీఐ అనే చూపిస్తోంది, అంటే పూర్తి స్పీడ్ రావట్లేదు

ఎన్‌వీఎంఈ డ్రైవ్ (కొత్త రకం, వేగమైన ఎస్‌ఎస్‌డీ) ఏహెచ్‌సీఐని వాడదు. దానికి తనదైన పద్ధతి ఉంది, మొదటి ప్రమాణం 2011లో వచ్చింది. ఏహెచ్‌సీఐలో 32 ఆదేశాల వరస ఒకటే. ఎన్‌వీఎంఈ ప్రమాణంలో అలాంటి వరసలే దాదాపు 64 వేలు, ఒక్కోదానిలో 64 వేల ఆదేశాల దాకా పెట్టుకునే వీలుంది. బయోస్‌లో ఏహెచ్‌సీఐ అని ఉంటే ఇంటెల్ డ్రైవర్ మధ్యలో లేదని మాత్రమే అర్థం. ఎన్‌వీఎంఈ దాని దారిన అది పోతుంది.

మరి మోడ్ ఎప్పుడు మార్చాలి?

లినక్స్ ఎక్కిస్తుంటే ఇన్‌స్టాలర్‌కు డిస్క్ కనిపించనప్పుడు. డ్రైవ్ కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ టూల్ రెయిడ్ వెనకాల ఉన్న డ్రైవ్‌ను గుర్తించనప్పుడు. విండోస్ కొత్తగా వేస్తుంటే 'డ్రైవ్‌లు ఏవీ దొరకలేదు' అని వచ్చినప్పుడు (దీనికి పెన్‌డ్రైవ్‌లో ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ పెట్టుకుని లోడ్ చేసినా సరిపోతుంది). స్పీడ్ కోసం అయితే ఉన్న విండోస్‌ను కదపకండి.

తప్పదనుకుంటే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం, అంటే ఎన్‌క్రిప్షన్) సంగతి చూడండి. 'నేను పెట్టలేదు' అంటారు చాలామంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా కొత్త లాప్‌టాప్‌లలో ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో చెయ్యి పెట్టగానే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది లేకపోతే డేటా పోయినట్టే, ఏ షాపువాడూ తీయలేడు. కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందే కాగితం మీద రాసుకుని, ఎన్‌క్రిప్షన్‌ను సస్పెండ్ చేయండి లేదా ఆపేయండి.

తర్వాత ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) అనే విండోస్ టూల్ తెరిచి బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ చేయండి. రీస్టార్ట్ చేసి, విండోస్ మొదలవకముందే బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చండి. సేఫ్ మోడ్‌లో లేచినప్పుడు విండోస్ తనకు కావలసిన డ్రైవర్‌ను సిద్ధం చేసుకుంటుంది. అప్పుడు టిక్ తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేయాలి. సేఫ్ మోడ్‌లో పిన్ ఒక్కోసారి పనిచేయదు, అసలు పాస్‌వర్డ్ గుర్తుండాలి. ఇవేవీ చేయకుండా నేరుగా మారిస్తే బూట్ డిస్క్ అందడం లేదంటూ నీలం తెర వస్తుంది. కంగారు పడకండి, మోడ్ మళ్లీ పాతదానికి మారిస్తే సాధారణంగా లేస్తుంది.

ఒక్క మినహాయింపు. హార్డ్ డిస్క్‌కు తోడుగా 16 జీబీ ఆప్టేన్ మెమరీ (హార్డ్ డిస్క్ వేగం పెంచే ఇంటెల్ చిప్) ఉన్న లాప్‌టాప్ అయితే, ఆ జంటను ఇంటెల్ సాఫ్ట్‌వేర్‌లో విడదీయకుండా మోడ్ ముట్టుకోవద్దు. కొంత డేటా ఆ చిన్న చిప్‌లోనే ఉండిపోతుంది.

అపోహ: ఎస్‌ఎస్‌డీ ఎంత ఖరీదైనదైతే లాప్‌టాప్ అంత వేగం

స్లాట్ ఇవ్వగలిగినంతే డ్రైవ్ ఇస్తుంది. ఆ 1,700 గోలకు కారణం చాలాసార్లు ఇదే. ఎన్‌వీఎంఈ డ్రైవ్ పెట్టే స్లాట్ పీసీఐఈ రకం. అందులో డేటా వెళ్లే దారులను లేన్లు అంటారు, 'జెన్' అంటే దాని తరం. పీసీఐఈ జెన్ 3 నాలుగు లేన్ల స్లాట్‌లో సెకనుకు 3,500 ఎంబీ వరకు వస్తుంది. కొన్ని లాప్‌టాప్‌లలో, ముఖ్యంగా రెండో స్లాట్‌కు, రెండు లేన్లే ఇస్తారు. అప్పుడు అందులో సగమే. జెన్ 4 డ్రైవ్‌ను జెన్ 3 స్లాట్‌లో పెడితే పనిచేస్తుంది, కానీ జెన్ 3 స్పీడుకే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి 'ట్రాన్స్‌ఫర్ మోడ్' వరస చూడండి. ఎడమవైపు ఇప్పుడు నడుస్తున్న స్పీడ్, కుడివైపు డ్రైవ్ సామర్థ్యం. రెండూ వేరైతే బయోస్‌లో వెతకడం దండగ.

పాత సాటా (హార్డ్ డిస్క్‌ను, పాత రకం ఎస్‌ఎస్‌డీని బోర్డుకు కలిపే దారి) లాప్‌టాప్‌లకూ ఇదే లెక్క. సాటా 3 అయితే 550 దాకా, సాటా 2 అయితే 270 దగ్గర ఆగుతుంది. 2011 ప్రాంతపు చాలా మోడళ్లలో హార్డ్ డిస్క్ చోటు సాటా 3, డీవీడీ చోటు సాటా 2. కాబట్టి క్యాడీ (డీవీడీ డ్రైవ్ చోటులో డిస్క్ పెట్టే చట్రం) పెట్టేటప్పుడు ఎస్‌ఎస్‌డీని లోపలి చోటులో, పాత హార్డ్ డిస్క్‌ను క్యాడీలో పెట్టించండి. దీన్ని తిరగేసి పెట్టినవి ఇప్పటికీ చూస్తుంటాను.

అయినా రోజువారీ వాడకంలో హాయిగా అనిపించేది ఈ పెద్ద అంకెల వల్ల కాదు. విండోస్ లేవడం, బ్రౌజర్ తెరుచుకోవడం లాంటివన్నీ చిన్న చిన్న ముక్కలను చదివే పనులు. అందులో లాప్‌టాప్ హార్డ్ డిస్క్ సెకనుకు ఒక ఎంబీ కూడా దాటదు, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 20 నుంచి 40 ఇస్తుంది. అసలు దూకుడు అక్కడ ఉంది. దానికన్నా ఖరీదైన ఎన్‌వీఎంఈ కొంటే ఎక్సెల్ తెరవడంలో తేడా వెతుక్కోవాల్సిందే. ఆ డబ్బు ర్యామ్‌కు పెట్టండి అంటాను నేను. ఇక డ్రైవ్‌ను పీకల దాకా నింపితే ఏ సెట్టింగూ కాపాడదు, కనీసం 15 శాతం ఖాళీ ఉంచండి.

అపోహ: రైట్ క్యాష్ ఫ్లషింగ్ ఆపేస్తే ఉచితంగా స్పీడ్ వస్తుంది

డివైస్ మేనేజర్‌లో రెండు టిక్‌లు ఉంటాయి. మొదటిది రైట్ క్యాషింగ్ (రాయాల్సిన డేటాను ముందు తాత్కాలిక మెమరీలో పెట్టడం), అది ఉండాలి. రెండోది ఫ్లషింగ్ ఆపేది, దాని జోలికి పోవద్దు. 'రాసింది నిజంగా చిప్‌లోకి చేరిందా' అని విండోస్ చేసే కట్టుదిట్టాన్ని అది తీసేస్తుంది. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కదా అంటారు. బ్యాటరీ చచ్చిపోయి అడాప్టర్ మీదే నడుస్తున్న లాప్‌టాప్‌లు మన ఇళ్లలో ఎన్ని లేవు? కరెంటు పోతే ఫైళ్లు పాడవుతాయి.

అపోహ: మధ్యమధ్యలో అర నిమిషం ఆగిపోతుంటే ఎస్‌ఎస్‌డీ పోయినట్టే

పోయి ఉండొచ్చు, కానీ ముందు ఈవెంట్ వ్యూయర్‌లో 129 నంబర్ హెచ్చరికలు ఉన్నాయేమో చూడండి. డ్రైవ్ జవాబివ్వకపోతే విండోస్ దాన్ని రీసెట్ చేసిందని అర్థం. సాటా డ్రైవ్‌లలో ఒక్కోసారి లింక్ పవర్ మేనేజ్‌మెంట్ (కరెంటు ఆదా కోసం డ్రైవ్ లింక్‌ను నిద్రపుచ్చడం) దీనికి కారణం. పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌కు మార్చి రెండు రోజులు వాడి చూడండి. బ్యాటరీ కాస్త తొందరగా అయిపోతుంది. అప్పటికీ ఆగిపోతుంటే డేటా బ్యాకప్ తీసుకుని డ్రైవ్ మార్చే ఆలోచన చేయండి.

అపోహ: ఎస్‌ఎస్‌డీకి విండోస్ 'ఆప్టిమైజ్ డ్రైవ్స్' ఆపేయాలి

విండోస్ 8 నుంచి అది ఎస్‌ఎస్‌డీకి ప్రధానంగా చేసేది ట్రిమ్ పంపడం, హార్డ్ డిస్క్‌లా డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైళ్ల ముక్కలను ఒకచోట చేర్చడం) చేయడం కాదు. వారానికోసారి అని ఉన్న షెడ్యూల్‌ను అలాగే ఉంచండి.